స్టెల్లా బల్ల మీద బురద

మా క్వార్టర్లో రెండు గదులు. ముందు గదిలో మా మావయ్య మంచం, టీవీ, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలు ఉంటాయి. వెనక గదిలో యుద్ధం ఉంటుంది. దాని తాళం మా ఆవిడ స్టెల్లా దగ్గరుంటుంది. నా బట్టల బీరువా కూడా ఖర్మకాలి ఆ గదిలోనే ఉంది గనక, డ్యూటీకి చొక్కా కావాలన్నా ఆవిడ అనుమతి తీసుకుని, చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టుకుని లోపలికి వెళ్ళాలి. గట్టిగా తుమ్మితే ముందు వరస సైనికులు పడిపోతారు. లేపి నిలబెట్టే పని మళ్ళీ నాదే.

నా పేరు సురేష్‌బాబు. విశాఖ నుంచి ఇనుపరాయి కొండల్లోకి వెళ్ళే కిరండూల్ లైన్లో గూడ్సు గార్డుని. ఇప్పుడు మమ్మల్ని ట్రైన్ మేనేజర్లంటున్నారు. పేరు మారింది గాని బండి చివర బ్రేకువ్యానులో కుదుపు అలాగే ఉంది. స్టెల్లా ఇక్కడ బచేలిలో రైల్వే హెల్త్ యూనిట్లో నర్సు. పుట్టింది, పెరిగింది ఈ కాలనీలోనే. ఇంజెక్షన్ చేసేటప్పుడు ఎదుటివాడు బలాదూర్ కబుర్లు చెప్తే ఊరుకోదు. ఫోర్‌మెన్లు, పాస్టర్లు కూడా ఆవిడ దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంటారు. నా సంగతి చెప్పేదేముంది.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ పెట్టెలో చీరల కింద ఒక చిన్న ట్యాంకు కనిపించింది. అగ్గిపెట్టెకి కాస్త పెద్దది, గొలుసు చక్రాలతో సహా ముచ్చటగా ఉంది. పుట్టబోయే పిల్లల కోసం ఇప్పటినుంచే కొన్నావా అని అడిగాను. కాదు, నేను ఆడుకోవడానికే అంది. సిగ్గుపడుతూ కాదు, కుక్కరు ఎన్ని కూతలు రావాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. విశాఖలో ట్రైనింగులో ఉన్నప్పుడు ఒక బొమ్మల కొట్టులో నలుగురు పెద్దమనుషులు బల్ల మీద పాత యుద్ధాన్ని పరిచి ఆడుతుంటే చూసిందట. అంతే, అంటుకుంది.

బొమ్మలు అద్దాల బీరువాలో పేర్చుకుని మురిసిపోయే సరదా కాదిది. నిజంగా జరిగిన యుద్ధాన్ని తీసుకుని, అందులో తిరిగిన బళ్ళు, మనుషులు అన్నీ ఒకే కొలతకు కుదించి తయారు చేసుకోవాలి. స్టెల్లా కొలతలో సైనికుడు బొటనవేలి పై కణుపంత ఉంటాడు. తరవాత బల్ల మీద వాగులు, ఊళ్ళు పెట్టి, ఎంత దూరం కదలాలో టేపుతో కొలిచి, తుపాకి తగిలిందా లేదా పాచిక వేసి తేల్చుకోవాలి. ఆవిడ పట్టుకున్నది డెబ్భై ఒకటి యుద్ధం, అందులోనూ తూర్పు వైపు. ఆ కాలపు మన సైనికుల బొమ్మలు ఎక్కడా సరిగా దొరకవు. అందుకని రెండో ప్రపంచయుద్ధంలోని ఇంగ్లీషు సైనికుల పాకెట్లు తెప్పించి, బ్లేడుతో గీకి, లప్పం పెట్టి, తలపాగాలు చుట్టి, ముదురాకుపచ్చ వేసి మనవాళ్ళని చేస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు లారీ అద్దాలవుతాయి. మాత్రల రేకులు నీళ్ళ డబ్బాలవుతాయి. జిగురు ఇన్సులిన్ సిరంజిలోంచి చుక్కలుగా దిగుతుంది. హెల్త్ యూనిట్లో పారేసేది ఏదీ మా ఇంట్లో పారేయరు.

ఆడాలంటే శత్రువు కావాలి గదా. ఆ వేషం ఎప్పుడూ నాదే. ఎప్పుడూ ఓడిపోయేదీ నేనే. కావాలని ఓడిపోతానని కాలనీలో అనుకుంటారు. అంత సీను నాకు లేదు. ఆవిడ నిజంగానే కొడుతుంది.

ఇదంతా ఎవరి కోసమో నాకు ఆలస్యంగా తెలిసింది. మా మావయ్య జాన్‌బాబు ఆ యుద్ధంలో తూర్పు వైపు మిలిటరీ లారీ నడిపాడు. పార్వతీపురం దగ్గర మనిషి. సైన్యంలోంచి వచ్చాక రైల్వేలో చేరి, ఈ లైన్లో సిగ్నళ్ళు, పట్టాలు మార్చే కేబిన్‌మన్‌గా రిటైరయ్యాడు. అత్తయ్య పోయినప్పటినుంచి మాతోనే ఉంటున్నాడు. యుద్ధం గురించి కన్నకూతురికి కూడా ఒక్క ముక్క చెప్పలేదు. చిన్నప్పుడు స్టెల్లా అడిగితే లేచి బయటికి వెళ్ళి పాదులకు నీళ్ళు పోసేవాడట. ఆవిడకు తెలిసినదల్లా ఒక ఫొటో. అందులో మీసాలు సరిగా రాని జాన్‌బాబు శక్తిమాన్ లారీ బానెట్ మీద చెయ్యేసి నిలబడి ఉంటాడు.

అడిగితే చెప్పని మనిషి చేత చెప్పించడానికి స్టెల్లా ఒక ఎత్తు వేసింది. రైల్వేలో ఒక పద్ధతుంది. ఫోనులో ఎవరైనా మాట చెప్తే, విన్నవాడు అదే మాట తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పడంలో తప్పొస్తే మొదటివాడు అక్కడికక్కడే సరిదిద్దాలి. సరిదిద్దకపోతే ఒకే పట్టా మీదికి రెండు బళ్ళు వస్తాయి. ముప్ఫై ఏళ్ళు కేబిన్లో అదే పని చేసినవాడు తప్పు విని ఊరుకోలేడు. చర్చిలో పాస్టరుగారు పాట నంబరు తప్పు చెప్తే మా మావయ్య నిలబడి మరీ సరిచేస్తాడు. అడిగితే చెప్పడు గాని, తప్పు చేస్తే దిద్దకుండా ఉండడని ఆవిడ లెక్క.

అలా వెనక గదిలో తప్పులు వెలిశాయి. లారీకి స్టెప్నీ టైరు పెట్టాల్సిన చోట పెట్టలేదు. ట్యాంకు గొట్టం వెనక్కి తిప్పింది. ఒక హవల్దారుకి చారలు తప్పు చేతికి వేసింది. ఆవిడ ఇంట్లో ఉంటే ఆ గది తెరిచే ఉంటుంది. మావయ్య వెనక వసారాలో కుండలో నీళ్ళు ముంచుకోవడానికి అందులోంచే వెళ్ళాలి. వెళ్ళేవాడు, చూసేవాడు, నీళ్ళు తాగి వచ్చేసేవాడు. నీ ఎత్తు పారలేదు అని నేను నవ్వితే, పారుతుంది, ఆయన చూస్తున్నాడు గదా అనేది. ఆవిడకు తన మీద తనకున్న నమ్మకంలో సగం నాకుంటే నేనీపాటికి డివిజన్ మేనేజరునై ఉండేవాణ్ణి.

ఇంతలో మావయ్య కళ్ళు దెబ్బతిన్నాయి. ఎదురుగా ఉన్న మనిషి ముఖం మచ్చలా కనిపిస్తోందంటే విశాఖ తీసుకెళ్ళాం. కంటి వెనక పొర మధ్యలో ఎండిపోతోంది, పూర్తిగా బాగుచేయలేం, పక్కచూపు మాత్రం మిగులుతుంది అన్నాడు డాక్టరు. ముందు పోయేది చిన్న వస్తువులట. స్టెల్లా డాక్టరు ముందు తల ఊపింది. తిరుగు బండిలో అరకు దాటాక ఒకటే అంది. తన బల్ల మీద ఉన్నదంతా చిన్న వస్తువులే గదా అని. ఆయన చూపు ఉండగా ఆ లారీ కథ వినకపోతే ఇక ఎప్పటికీ వినదని ఆవిడకు బాగా తెలుసు. నాకూ దిగులేసింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక స్టెల్లా సైనికుల కాళ్ళ కింది చెక్కలకు జిగురు రాసి, టీ వడకట్టే జల్లెడలోంచి మట్టి చల్లుతోంది. బయట గోడ మీంచి ఊడ్చి తెచ్చిన మట్టే. కొండ మీంచి ఇనుపరాయి రోజూ దిగుతుంది, వ్యాగన్లకెక్కి విశాఖ పోతుంది, దాని ధూళి మాత్రం మా దగ్గర ఉండిపోతుంది. మా కాలనీలో తెల్లకుక్క ఎర్రగా ఉంటుంది. నా బనియన్లు ఎర్రగా ఉంటాయి. మావయ్య కంట్లో చుక్కలు వేసుకునే వేళయితే, చేతులు జిగురుగా ఉన్నాయి గనక ఆయన్నే లోపలికి రమ్మని, బల్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. చేతులు తుడుచుకుని చుక్కలు వేసింది. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, ఇప్పుడు అలవాటైనట్టు తల పక్కకి తిప్పి బల్ల వైపు చూశాడు. నేను టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను.

"ఇదేటమ్మా, ఈ మట్టి?" అన్నాడు.

స్టెల్లా తెల్లబోయింది. మట్టి ఆవిడ వేసిన ఎరల్లో లేదు. అది తప్పని ఆవిడకే తెలియదు. నాకూ తెలియదు. బచేలిలో పుట్టినవాళ్ళకి మట్టి అంటే ఎర్రగానే ఉంటుంది. బళ్ళ రంగులు, గుండీల లెక్క అన్నీ వెతికి వెతికి పట్టుకున్న మనిషి, నేల ఏ రంగో కనుక్కోవాలని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఇది మన కొండ మట్టి," అన్నాడు మావయ్య. "అక్కడ ఇలగుండదు. నల్లగుంటాది."

స్టెల్లా నన్ను అక్కడే ఆగమని చేత్తో సైగ చేసింది. తరవాత కేబిన్లో ఫోను పట్టుకున్నట్టు, ఒక్కో మాటా విడిగా తిరిగి చెప్పింది. "అక్కడ మట్టి నల్లగా ఉంటుంది."

"ఉత్త నలుపు కాదు. పొయ్యిలో బూడిద కలిపినట్టుంటాది. కాలెడితే మోకాలు దాకా దిగిపోద్ది. ఈల్లకి బూట్లు కనబడతన్నాయేటి? బూట్లు కనబడవు."

ఆవిడ అదీ తిరిగి చెప్పింది. ఆయన ఇంకో మాట చెప్పాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. అలా ఒక్కో స్టేషనూ దాటించుకుంటూ బండిని తెచ్చినట్టు తెచ్చింది. నీళ్ళింకని పొలాలు, తెగిపోయిన గట్లు, మందుగుండు పెట్టెలతో బరువెక్కిన లారీ. అవతలి ఒడ్డున మనవాళ్ళు తుపాకుల్లో గుళ్ళయిపోయి ఎదురుచూస్తున్నారు. లారీ దిగబడకుండా ఒక మనిషి ముందు నడవాలి, కాలితో తడిమి, గట్టినేల ఉన్నచోట చెయ్యెత్తాలి, లారీ అటే రావాలి.

"లారీ దిగబడకుండా నువ్వు ముందు నడిచి చెయ్యెత్తేవాడివి," అంది స్టెల్లా. ఈసారి ఎర కాదు. ఆవిడ నిజంగా అలాగే అనుకుంది.

"నాను కాదు," అన్నాడు మావయ్య. "భూషణం."

భూషణం బొబ్బిలి దగ్గర రైతుబిడ్డ. ఇద్దరూ ఒకే రోజు సైన్యంలో చేరారు, ఒకే లారీకి వచ్చారు. బూటు కాలికి నేల సంగతి తెలియదని, రెండు బూట్లూ లేసులు ముడేసి మెడకి తగిలించుకుని, వొట్టి కాళ్ళతో నడిచేవాడట. వెనక మావయ్య స్టీరింగు. వాగు ఒడ్డు కనిపిస్తుండగా భూషణం చెయ్యెత్తబోయాడు. అక్కడ మందుపాతర ఉంది.

"ఆడి కాలికి దొరికింది గనక నా చక్రానికి దొరకలేదు," అన్నాడు మావయ్య.

స్టెల్లా ఆ మాటను తిరిగి చెప్పలేదు. మావయ్య తల ఆవిడ వైపు తిప్పి, "తిరిగి సెప్పు," అన్నాడు. పద్ధతి పద్ధతే. ఆవిడ చెప్పింది. "ఆయన కాలికి దొరికింది గనక నీ చక్రానికి దొరకలేదు." ఆయన కరెక్టు అన్నాడు. లేచి వెళ్ళి పాదులకు నీళ్ళు పోశాడు.

విశాఖ మీంచి పార్వతీపురం వెళ్ళేటప్పుడు దారిలో బొబ్బిలి వస్తుంది. బండి అక్కడ ఆగినప్పుడల్లా మావయ్య ప్లాట్‌ఫారం లేని వైపు కిటికీకి మారిపోయేవాడు. ఎండ పడుతోందేమో అనుకునేవాణ్ణి. ఎండ అటువైపే ఉండేదని నాకు ఆ రోజే గుర్తొచ్చింది. టీ చల్లారిపోయింది, నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

ఇంకెవరైనా అయితే అంతటితో ఆ గదికి తాళం వేసేవాళ్ళు. స్టెల్లా మర్నాడే బ్లేడు తీసింది. ఎర్రమట్టంతా గీకేసింది. ఎంతో కష్టపడి రంగేసిన బూట్లను మోకాళ్ళ దగ్గర కోసేసి, సైనికుల్ని బురదలో దించేసింది. కోసేటప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది గాని ఆవిడకు చీమ కుట్టినట్టు కూడా లేదు. తప్పని తెలిశాక ఉంచుకుంటామా అంది. బురద కోసం పొయ్యి బూడిద, నల్లమట్టి, వార్నిష్ కలిపింది. నల్లమట్టి తెచ్చినది కమ్లీ.

కమ్లీ హెల్త్ యూనిట్లో ఆయా, అడవి పల్లె మనిషి; ఆ పల్లెల్లోకి యూనిఫాం వచ్చిందంటే సోదాలే. మొదట్లో ఆ గది గుమ్మం తొక్కేది కాదు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు అంత చిన్నగా ఉన్నా సరే, వాళ్ళ ముందుకు తనెందుకు రావాలని అడిగిందట. ఇది ఎక్కడో చాలా దూరంలో, నువ్వు పుట్టకముందు జరిగింది అని స్టెల్లా ఎంత చెప్పినా దూరంగానే నిలబడేది. ఆమె అన్న ఘడ్వా పని చేస్తాడు. మైనపు దారంతో బొమ్మ కట్టి, దానికి మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తాడు. ప్లాస్టిక్ భూషణం నాన్న చేతికి తెలియడు, బరువుండాలి, వేళ్ళకి ముఖం తగలాలి అని స్టెల్లా ఇత్తడి మనిషిని చేయించమంది. మెడలో బూట్లు, వొట్టి కాళ్ళు అని చెప్తే ఎందుకని వాళ్ళు అడుగుతారేమోనని ఆవిడ జవాబు సిద్ధం చేసుకుంది. కమ్లీ అడగలేదు. వానాకాలం వాగు దాటేటప్పుడు తామూ చెప్పులు అలాగే కట్టుకుంటామంది. బొమ్మ వచ్చిన రోజున తనే లోపలికి వచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మావయ్య పిలవకుండానే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అప్పటికే బల్ల మీద ఆకుపచ్చ గట్లు, బూడిద నలుపు పొలాలు, మధ్యలో వాగు. స్టెల్లా ఇత్తడి బొమ్మను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చూడటానికి ప్రయత్నించలేదు. బొటనవేలితో ముఖం తడిమాడు, ఎత్తిన చెయ్యి తడిమాడు, గుండె మీద వెతికాడు. బూట్లు దొరికాక వేలు అక్కడే ఆపాడు. నేను నా ఫిరంగులు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఆట నియమం స్టెల్లా వివరించింది. చీకటి పడేలోగా, అంటే ఆటలో వంతులు అయిపోయేలోగా, మందుగుండు లారీ వాగు దాటితే మనవాళ్ళు గెలుస్తారు. లారీ ముందు మనిషి నడిస్తే పాచిక ఆ మనిషికి వేస్తారు, లారీకి బురద భయం ఉండదు. ఒకటి పడితే ఆ మనిషి పోతాడు. ఎవరూ ముందు నడవకపోతే పాచిక లారీకే వేస్తారు. ఒకటో రెండో పడితే లారీ దిగబడుతుంది. చెప్పి, ఇత్తడి భూషణాన్ని తీసుకుని, జరిగింది జరిగినట్టే ఉండాలి గనక లారీకి ముందు పెట్టింది. లారీ నువ్వు నడుపు నాన్నా అంది.

మావయ్య తల పక్కకి తిప్పి ఆ లారీని, దాని ముందున్నవాణ్ణి చూశాడు. తరవాత చెయ్యి చాపి భూషణాన్ని ఎత్తాడు.

"ఈడ్ని బండెక్కించమ్మా."

స్టెల్లా నియమం విషయంలో కన్నతండ్రిని కూడా చూడదు. "ఎక్కిస్తే లారీ దిగబడొచ్చు నాన్నా. మందుగుండు అందకపోవచ్చు," అంది.

"లారీ దిగబడొచ్చు. మందుగుండు అందకపోవచ్చు," అని మావయ్య ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. "అయినా ఎక్కించు."

నిలబడిన బొమ్మ గనక డ్రైవరు పక్కన పట్టలేదు. స్టెల్లా వెనక టార్పాలిన్ తీసి, పెట్టెల మధ్య నిలబెట్టింది. ఎత్తిన చెయ్యి, ఇత్తడి తల పైకి కనిపిస్తున్నాయి. మావయ్య పాచిక వేశాడు, లారీ కదిలింది. ఇంకోసారి వేశాడు, కదిలింది. వాగు ఒడ్డు దగ్గర రెండు పడింది. ఆవిడ మళ్ళీ వెయ్యనివ్వలేదు, ఆయనా అడగలేదు. లారీ ఇరుసు దాకా బురదలో దిగింది. అవతల స్టెల్లా సైనికులు ఎంత పోరాడినా గుళ్ళు లేక వెనక్కి తగ్గారు. నేను గెలిచాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నేను గెలిచిన యుద్ధం అదొక్కటే. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

"బాబూ, నువ్వే గెలిసినావు," అన్నాడు మావయ్య నాతో. ఆయన నవ్వుతున్నాడు. స్టెల్లా ఏడుస్తూ టేపు చుట్టేస్తోంది. అయినా వాగు ఒడ్డు నేను తప్పు కొలిచానని నన్ను కసిరి మరీ చుట్టింది.

ఆట అయ్యాక బళ్ళన్నీ ఖాళీ చేసి దూదిలో చుట్టి పెట్టడం ఆవిడ పద్ధతి. ఆ లారీని మాత్రం ఎవరూ ఖాళీ చేయలేదు. అది మావయ్య మంచం పక్క కిటికీలో ఉంటుంది. చూపు ఇప్పుడు ఇంకా తగ్గింది. పొద్దున లేవగానే ఆయన చెయ్యి చాపి, వెనక పెట్టెల మధ్య ఇత్తడి తల తడిమి చూసుకుంటాడు. ఉందని తెలిశాక కాఫీ అడుగుతాడు.